పాట బాగా వినాలంటే కార్డు ముందా? స్పీకరు ముందా?

విశాఖపట్నం: ఇంట్లో కంప్యూటరు ఉంది. అందులో వందల కొద్దీ పాటలున్నాయి. పాట పెడితే మాత్రం గాయకుని గొంతు వెనకాల గుయ్యిమని ఒకటే మోత. వీణ మీటితే రేకు డబ్బా మోగినట్టుంటుంది. మృదంగం ఎక్కడో పక్క వీధిలో వాయిస్తున్నట్టుంటుంది. దుకాణానికి వెళ్లి అడిగితే "సౌండ్ కార్డు మార్చండి" అంటారు. మార్చాలా, వద్దా? మారిస్తే ఏది కొనాలి? కొన్న తర్వాత పాట నిజంగా బాగుపడుతుందా?

పిల్లల చదువు కోసమని కొన్న కంప్యూటరు ఇప్పుడు ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో కూడా కనిపిస్తున్నది. పగలు చదువుకు, దరఖాస్తులకు పనికివచ్చిన ఆ యంత్రమే రాత్రికి రేడియో అవుతున్నది, టేపురికార్డరు అవుతున్నది. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడైనా, రేవులో పని ముగించుకుని వచ్చిన కూలీ అయినా, పొలం నుంచి వచ్చిన రైతైనా కాసేపు ఒక మంచి పాట వినాలనుకోవడం సహజం. ఆ కాసేపటి సుఖం కోసం అక్కర్లేని సామానుకు వేలు పోయడం ఎంత నష్టమో, రెండు, మూడు వందలతో తీరే లోపాన్ని ఏళ్ల తరబడి భరించడం కూడా అంతే నష్టం.

ఇందులో మరో సంగతి కూడా ఇమిడి ఉంది. చాలా ఇళ్లలో అటక మీద పాత క్యాసెట్లున్నాయి. ఊరి హరికథ, తాత పాడిన తత్వం, పెళ్లినాటి మేళం వాటిలో ఉన్నాయి. అవి పాడైపోకముందే కంప్యూటరులోకి ఎక్కించాలంటే కూడా ఈ సౌండ్ కార్డే దారి. అందుకే దాని మంచిచెడ్డలు తెలిసి ఉండాలి.

అంకెలు పాటగా మారే చోటు

కంప్యూటరులో పాట పాటగా ఉండదు, అంకెలుగా ఉంటుంది. గాలిలో వచ్చే శబ్దం కెరటం లాంటిది. ఆ కెరటం ఎత్తును సెకనుకు వేల సార్లు కొలిచి, ఆ కొలతలను వరుసగా రాసిపెట్టుకుంటే అదే కంప్యూటరులోని పాట. 1982లో బజారులోకి వచ్చిన సీడీలో ఈ కొలత సెకనుకు 44,100 సార్లు జరుగుతుంది. ఒక్కొక్క కొలతను 65,536 మెట్లున్న నిచ్చెన మీద గుర్తిస్తారు. దీనినే 16 బిట్లు అంటారు.

44,100 ఎందుకు? మంచి వినికిడి ఉన్న మనిషి చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు గల శబ్దాలను పోల్చుకోగలదు. ఒక శబ్దాన్ని తిరిగి సరిగ్గా పలికించాలంటే దాని కంపనాల సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. ఇది శాస్త్రజ్ఞులు తేల్చిన సూత్రం. 20,000కు రెట్టింపు 40,000. దాని మీద మరికొంత కలిపితే 44,100.

ఈ అంకెలను తిరిగి విద్యుత్ కెరటంగా మార్చి స్పీకరుకు, ఇయర్‌ఫోన్‌కు అందించే భాగమే సౌండ్ కార్డు. మైకు నుంచో, టేపురికార్డరు నుంచో వచ్చిన శబ్దాన్ని అంకెలుగా మార్చి లోపల భద్రపరచేది కూడా అదే. అంటే అది రెండు వైపులా పనిచేసే దుబాసీ. దుబాసీ సరైనవాడు కాకపోతే చెప్పినవాడి మాట విన్నవాడికి తప్పుగా చేరుతుంది. కానీ చెప్పినవాడే తప్పు చెబితే దుబాసీ ఏమీ చేయలేడు. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

కూత నుంచి పాట దాకా

1981లో ఐబీఎం సంస్థ పర్సనల్ కంప్యూటరును తెచ్చినప్పుడు అందులో పాటకు చోటు లేదు. చిన్న స్పీకరు ఒకటి ఉండేది. అది కూత పెట్టడానికి తప్ప దేనికీ పనికివచ్చేది కాదు. 1987లో కెనడాకు చెందిన యాడ్‌లిబ్ సంస్థ వాద్యాల ధ్వనిని పలికించే కార్డును తెచ్చింది. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ 'సౌండ్ బ్లాస్టర్' అనే కార్డును విడుదల చేసింది. అది వాద్యాలతో పాటు మనిషి గొంతును కూడా పలికించింది. ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లలోకి ఎక్కింది. ఆ సంస్థను స్థాపించినవారిలో ముఖ్యుడైన సిమ్ వాంగ్ హూ 2023 జనవరిలో కన్నుమూశారు.

ఆ రోజుల్లో కార్డు కొనకపోతే కంప్యూటరు మూగదే. 1997లో ఇంటెల్ సంస్థ ఒక పద్ధతిని ప్రకటించింది. దానితో ధ్వని భాగాన్ని కంప్యూటరు ప్రధాన పలక మీదే తక్కువ ఖర్చుతో అమర్చడం సులువైంది. 2004లో అంతకంటే మెరుగైన పద్ధతి వచ్చింది. ఇప్పుడు కొత్తగా కొనే ప్రతి కంప్యూటరులోనూ, ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ సౌండ్ కార్డు పని చేసే చిప్పు ముందే ఉంటున్నది. విడిగా మరొకటి కొనకపోయినా పాట వినబడుతుంది. కాబట్టి ఇప్పుడు ప్రశ్న కార్డు ఉందా, లేదా అని కాదు. ఉన్నది చాలుతుందా, లేదా అన్నదే.

ముందు రోగం తెలుసుకోవాలి

జ్వరమొచ్చిన ప్రతివాడికీ ఒకే మాత్ర ఇవ్వరు. పాట బాగాలేని ప్రతి ఇంటికీ కొత్త కార్డు మందు కాదు. దుకాణానికి బయలుదేరే ముందు ఇంట్లోనే, దమ్మిడీ ఖర్చు లేకుండా చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి.

మొదటిది: కంప్యూటరుకు తగిలించిన స్పీకర్లను తీసివేసి, ఒక మంచి ఇయర్‌ఫోన్‌ను తగిలించి అదే పాట వినాలి. ఇయర్‌ఫోన్‌లో పాట చక్కగా వినబడితే తప్పు స్పీకరుదే. కార్డు మార్చనక్కర్లేదు.

రెండవది: ఆ ఇయర్‌ఫోన్‌ను సెల్‌ఫోన్‌కు తగిలించి అదే పాటను వినాలి. అక్కడ కూడా రేకు డబ్బాలాగే ఉంటే తప్పు ఇయర్‌ఫోన్‌దో, పాటదో అయి ఉంటుంది.

మూడవది: వేరొక పాట, సాధ్యమైతే అసలు సీడీ నుంచి ఎక్కించినది, వేసి చూడాలి. చేతులు మారి మారి వచ్చిన పాటలు చాలావరకు బాగా కుదించినవి. సీడీలోని పాట సెకనుకు 14 లక్షల బిట్ల చొప్పున ఉంటే, మామూలుగా దొరికే 128 కిలోబిట్ల ఎం.పి.3 పాట అందులో పదకొండో వంతు మాత్రమే. మిగిలినది పారేసినదే. దానినే మళ్లీ మళ్లీ కుదించి పంపుకుంటే తాళాల ధ్వని ఇసుక జల్లెడ పట్టినట్టు మారుతుంది. పోయినదాన్ని ఎంత ఖరీదైన కార్డైనా తిరిగి తేలేదు.

నాలుగవది: పాట ఏదీ వేయకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకుని మౌసును అటూ ఇటూ కదపాలి. కదిపినప్పుడల్లా చిర్రుచిర్రుమని వినబడితే కంప్యూటరు లోపలి విద్యుత్ అలజడి ధ్వని భాగంలోకి పాకుతున్నదని అర్థం. ఇది అసలైన కార్డు జబ్బు. బయట తగిలించే యు.ఎస్.బి. సౌండ్ కార్డు ఇక్కడ చాలావరకు పనిచేస్తుంది.

అయిదవది ల్యాప్‌టాప్ ఉన్నవారికి: మోత వస్తున్నప్పుడు ఛార్జరు తీసివేయాలి. తీయగానే మోత ఆగిపోతే తప్పు కార్డుది కాదు, కరెంటుది.

కరెంటు చేసే అల్లరి

మన ఇళ్లలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. గుయ్యిమనే మోతలో చాలా భాగం దాని చలవే. కంప్యూటరు ఒక గదిలోని ప్లగ్గు నుంచి, యాంప్లిఫయరు మరో గదిలోని ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటూ, రెండింటి మధ్య పాట తీగ ఉంటే, ఎర్తు తీగలు, పాట తీగ కలిసి ఒక చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టులో పారే చిన్న కరెంటే మోతగా వినబడుతుంది.

దీనికి మొదటి మందు రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించడం. అప్పటికీ తగ్గకపోతే పాట తీగ మధ్యలో పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మరు డబ్బా దొరుకుతుంది. 'గ్రౌండ్ లూప్ ఐసొలేటరు' అని అడిగితే ఇస్తారు. మోత తగ్గుతుంది కదా అని మూడు పుల్లల ప్లగ్గులోని ఎర్తు పుల్లను విరిచేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఎర్తు సరిగా లేని ఇంట్లో మొదటి ఖర్చు ఎర్తు గుంతకు పెట్టాలి. అది పాట కోసమే కాదు, ఇంట్లో అందరి క్షేమం కోసం కూడా.

సముద్రపు గాలి మరో శత్రువు. తీరం వెంబడి ఊళ్లలో ఉప్పు తేమ తగిలి ప్లగ్గుల మొనలు, తీగల కొసలు చిలుము పడతాయి. ఒకవైపు స్పీకరు మాత్రమే మోగడం, తీగ కదిపితే గరగరమనడం ఈ చిలుము లక్షణాలు. కరెంటు ఆపి, పొడి గుడ్డతో గట్టిగా తుడిచి, నాలుగైదు సార్లు తీసి పెడితే చాలావరకు సర్దుకుంటుంది. లేకపోతే కొత్త తీగ కొనాలి. కార్డు కాదు.

చెవి సంగతి మరువరాదు

పారిశ్రామిక నగరం కాబట్టి ఇక్కడ చెప్పుకోవలసిన మాట మరొకటి ఉంది. మిల్లులో, రేవులో, ఓడల మరమ్మతులో ఏళ్ల తరబడి పెద్ద మోతల మధ్య పనిచేసిన వారికి వినికిడి తగ్గుతుంది. అది ఒక్కసారిగా తగ్గదు. సెకనుకు 4,000 కంపనాల చుట్టుపక్కల ఉండే శబ్దాలు ముందుగా మాయమవుతాయి. మాటలోని స, శ వంటి ఊదు శబ్దాలు, తాళాల చప్పుడు, వయొలిన్ పదును మసకబారుతాయి. పాట దుప్పటి కప్పినట్టు వినబడుతుంది. ఆ మనిషి కార్డు మారుస్తాడు, స్పీకరు మారుస్తాడు, చివరికి శబ్దం పెంచుతాడు. పెంచినకొద్దీ మిగిలిన వినికిడి కూడా పోతుంది.

మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం రోజుకు 8 గంటల పనికి శబ్దం హద్దు 90 డెసిబెల్స్. అంతకంటే తక్కువ మోత కూడా ఏళ్ల మీద హాని చేయగలదు. ఇంట్లో మిగిలినవారికి బాగున్న పాట తనకొక్కడికే మసకగా ఉంటే కార్మికుడు వెళ్లవలసింది దుకాణానికి కాదు, వైద్యుని దగ్గరకు. పెదవాల్తేరులో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి పనిచోట చెవి బిరడాలు, ఇంట్లో మితమైన శబ్దం తప్ప మార్గం లేదు.

స్పీకరు, గది

చేతిలో ఉన్న డబ్బు ఎంతైనా అందులో పెద్ద వాటా స్పీకరుకో, హెడ్‌ఫోన్‌కో పోవాలి. కారణం సులువైనది. నేటి చవక చిప్పు కూడా అంకెలను చాలావరకు సరిగ్గానే కెరటంగా మారుస్తుంది. స్పీకరు అలా కాదు. కాగితపు గరాటు ముందుకూ వెనక్కూ ఊగి గాలిని కదపాలి. అందులో జరిగే తప్పులు కార్డు చేసే తప్పుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

స్పీకరు పెట్టే చోటును బట్టి కూడా పాట మారుతుంది. శ్లాబు వేసిన ఖాళీ గదిలో చప్పట్లు కొడితే టంగుమని తిరిగి వినబడుతుంది. పాట కూడా అలాగే గోడలకు కొట్టుకుని చెదిరిపోతుంది. కిటికీకి తెర, నేల మీద జంపఖానా, గోడవారగా పరుపు చుట్టిన మంచం ఉంటే ఆ గది చాలా మెరుగు. స్పీకర్లను మూలకు ఆనించి పెడితే బొయ్యిమనే బరువు శబ్దం పెరుగుతుంది. గోడకు జానెడు దూరం జరిపి, రెండింటినీ కూర్చునే మనిషి చెవుల ఎత్తున, అతనితో కలిపి మూడు వైపులా సమాన దూరం ఉండేట్టు పెట్టాలి. దీనికి ఖర్చు లేదు.

కొనక తప్పదనుకుంటే

పరీక్షలన్నీ చేశాక కార్డుదే లోపమని తేలితే అప్పుడు కొనాలి. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ దుకాణాలకు వెళ్లే ముందు ఈ విషయాలు చీటీ మీద రాసుకోవడం మంచిది.

కార్డులు రెండు రకాలు. కంప్యూటరు పెట్టె విప్పి లోపల అమర్చేది ఒకటి. బయట యు.ఎస్.బి. రంధ్రానికి తగిలించేది మరొకటి. ల్యాప్‌టాప్ ఉన్నవారికి రెండోదే దారి. పెట్టె కంప్యూటరు ఉన్నవారికి కూడా బయటిదే మేలు. లోపలి విద్యుత్ అలజడికి దూరంగా ఉంటుంది, రేపు కంప్యూటరు మార్చినా పనికివస్తుంది. చాలావరకు ఫోనుకు కూడా తగిలించుకోవచ్చు.

సెకండ్‌హ్యాండులో చవకగా దొరికే పాత లోపలి కార్డులతో జాగ్రత్త. పాత పి.సి.ఐ. రకం కార్డు పట్టే గాడి కొత్త కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. ఒకవేళ పట్టినా కొత్త విండోసుకు సరిపడే నడిపించే ప్రోగ్రాము దొరకకపోవచ్చు. తయారుచేసిన సంస్థే దానిని మానేసి ఉంటుంది.

పెట్టె మీది అంకెలను చూసి మోసపోకూడదు. 192 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. వినడానికి మాత్రమే అయితే సీడీ కొలతే చాలు. ఆ పైన ఉన్నది చెవికి అందేది కాదు. 24 బిట్లు నిజంగా ఉపయోగపడేది రికార్డు చేసేటప్పుడు. అలాగే '7.1 ఛానళ్లు' అన్నది ఎనిమిది స్పీకర్లతో సినిమాలు చూసేవారికి, ఆటలాడేవారికి. రెండు స్పీకర్లతో పాట వినేవారికి దానితో పని లేదు. ఘంటసాల కాలపు సినిమా పాటల్లో అత్యధికం ఒకే ఛానలులో రికార్డయినవి. వాటిని ఎనిమిది చోట్ల నుంచి వినిపించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

హెడ్‌ఫోన్ వాడేవారు దాని మీద రాసిన ఓముల సంఖ్య చూసుకోవాలి. 16, 32 ఓముల రకం ఫోనుతో, చవక కార్డుతో చక్కగా మోగుతుంది. స్టూడియోల్లో వాడే 250, 300 ఓముల రకానికి శక్తిగల కార్డో, విడిగా యాంప్లిఫయరో కావాలి. బ్లూటూత్ స్పీకరు, బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఉన్నవారికి కార్డుతో సంబంధమే లేదు. అంకెలను పాటగా మార్చే చిప్పు ఆ స్పీకరులోనే ఉంటుంది. వారు కొత్త కార్డు కొంటే ఆ డబ్బు వృథా.

ఫోనులోనే పాటలు వినేవారికి కూడా ఒక మాట. ఇయర్‌ఫోన్ గుండ్రని రంధ్రం లేని ఫోన్లకు జానెడు తీగ లాంటి ముక్క ఒకటి అమ్ముతారు. అందులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో చిప్పు ఉంటుంది, అదే ఒక బుల్లి సౌండ్ కార్డు. రెండోదానిలో తీగ తప్ప ఏమీ ఉండదు. అది కొన్ని ఫోన్లతో మాత్రమే పనిచేస్తుంది. చిప్పు ఉన్నదాన్నే అడిగి, దుకాణంలోనే సొంత ఫోనుకు తగిలించి చూసి తీసుకోవాలి.

దుకాణంలో వినే పద్ధతి

రెండు కార్డులను పోల్చేటప్పుడు శబ్దం ఎక్కువగా ఉన్నది ఏదైనా బాగున్నట్టే తోస్తుంది. ఇది మనిషి చెవి స్వభావం. ఖరీదైనదాన్ని ఒక గీత పెంచి వినిపిస్తే కొనుగోలుదారు ఇట్టే పడిపోతాడు. అందుకని రెండింటి శబ్దాన్ని సమానం చేయించాలి. తనకు బాగా తెలిసిన పాటనే పెట్టించుకోవాలి. ఏది మోగుతున్నదో తనకు తెలియకుండా వెంట వచ్చినవారిచేత మార్పించుకుంటూ వినాలి. అయిదారుసార్లు విన్నా పోల్చుకోలేకపోతే తక్కువ ధరదే కొనుక్కుని ఇంటికి రావచ్చు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

పాత పాటకు కొత్త కార్డు

ఉత్తరాంధ్ర ప్రాంతానికి సంగీతంలో గొప్ప పేరుంది. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. విశాఖలో పెరిగి వయొలిన్‌కు పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు అదే ఏడు అక్కడ ఆచార్యుడై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి. సుశీల ఆ కళాశాలలో చదివినవారే.

ద్వారం వారి కాలపు గ్రామఫోన్ రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. పై స్థాయి శబ్దాలు వాటిలో సరిగా ఎక్కలేదు. ముల్లు గీసిన గరగర మాత్రం ఎక్కింది. అటువంటి రికార్డును మంచి కార్డు మీద వింటే గరగర కూడా మరింత స్పష్టంగా వినబడుతుంది. కార్డు పాడైందని కంగారుపడి వెనక్కి ఇవ్వవలసిన పని లేదు. రికార్డులో ఉన్నదాన్ని దాచకుండా వినిపించడమే కార్డు ధర్మం.

అటక మీది క్యాసెట్లు

1963 ఆగస్టులో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం ప్రసారాలు మొదలయ్యాయి. అదే నెలలో ఫిలిప్స్ సంస్థ బెర్లిన్ ప్రదర్శనలో క్యాసెట్టును లోకానికి చూపించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు క్యాసెట్టు పల్లె పల్లెకూ చేరింది. అంతకుముందు పాట విన్నవాడే తప్ప భద్రపరచుకోగలిగినవాడు లేడు. క్యాసెట్టు వచ్చాక రైతు కూడా తన ఇంటి గొంతును దాచుకోగలిగాడు. జముకుల కథ, తప్పెటగుళ్లు, బుర్రకథ, కోలాటం పాటలు ఇలా ఎన్నో ఇళ్లకు చేరాయి. షిప్‌యార్డులో ఉద్యోగం చేసి, జనం పాటకు పేరైన వంగపండు ప్రసాదరావు వంటివారి పాట ఊరూరా పాకడంలో కూడా క్యాసెట్టు పాత్ర ఉంది. వంగపండు 2020 ఆగస్టులో మరణించారు.

సినిమా పాటల క్యాసెట్టు పోతే మరోచోట దొరుకుతుంది. ఊరి కళాకారుని కథ, చనిపోయిన తల్లి పాడిన మంగళహారతి మరెక్కడా దొరకవు. టేపు మీది అయస్కాంతపు పొడి తేమకు, వేడికి, బూజుకు ఏళ్లు గడిచేకొద్దీ రాలిపోతుంది. కొన్ని క్యాసెట్లు ఇంకొక్కసారి మాత్రమే మోగే స్థితిలో ఉంటాయి. ఆ ఒక్కసారీ సరైన కార్డుతో ఎక్కించుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ల్యాప్‌టాప్‌కు, రెండు వందల రూపాయల యు.ఎస్.బి. కార్డుకు ఉండేది మైకు రంధ్రం. అది సాధారణంగా ఒకే ఛానలు. మైకు ఇచ్చే అతి చిన్న శబ్దం కోసం తయారైనది. టేపురికార్డరు నుంచి వచ్చే పెద్ద శబ్దాన్ని అందులో పోస్తే పాట పగిలిపోతుంది. అలా పగిలినదాన్ని తర్వాత బాగుచేయడం కుదరదు. ఈ పనికి 'స్టీరియో లైన్ ఇన్' ఉన్న కార్డు కావాలి. కొనేటప్పుడు ఆ మాట పెట్టె మీద ఉందో లేదో చూసుకోవాలి. వినడానికి కొత్త కార్డు అక్కర్లేని ఇంటికి కూడా ఈ పనికి అవసరం కావచ్చు. ఒక వీధిలో నలుగురు కలిసి ఒక్కటి కొనుక్కుని వంతులవారీగా వాడుకుంటే సరిపోతుంది.

పద్ధతి ఇది. ముందు అంత ముఖ్యం కాని క్యాసెట్టుతో టేపురికార్డరును పరీక్షించాలి. అది టేపును నమిలేస్తుంటే అసలు క్యాసెట్టు పెట్టకూడదు. టేపురికార్డరు తలను, రబ్బరు చక్రాన్ని శుభ్రం చేసుకోవాలి. తలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడవాలి. క్యాసెట్టును ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి తిప్పితే బిగుసుకున్న టేపు వదులవుతుంది. బూజు కనిపించిన క్యాసెట్టును ఇలా చేయకుండా విడిగా పెట్టి, తెలిసినవారికి చూపించాలి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాముతో రికార్డు చేసుకోవచ్చు. శబ్దం కొలత ముల్లు ఎర్ర గీతను ఎప్పుడూ తాకకుండా కాస్త తక్కువలోనే ఉంచాలి.

ఎక్కించినదాన్ని ఎం.పి.3గా కుదించి అదొక్కటే దాచుకోకూడదు. కుదించని డబ్ల్యు.ఎ.వి. రకంలో కానీ, ఏమీ పోకుండా మడిచిపెట్టే ఫ్లాక్ రకంలో కానీ అసలు ప్రతి ఉండాలి. కుదించకుండా పెడితే 60 నిమిషాల క్యాసెట్టుకు సుమారు 635 మెగాబైట్ల చోటు పడుతుంది. అంటే 64 గిగాబైట్ల పెన్‌డ్రైవులో దాదాపు వంద క్యాసెట్లు ఇముడుతాయి. ప్రతులు రెండు తీసి ఒకటి కూతురి ఇంట్లోనో, అన్నదమ్ముల ఇంట్లోనో పెట్టడం మంచిది. ఒకచోట వాన నీరు చేరినా, దొంగ పడినా రెండోచోట మిగులుతుంది. పాడినవారి పేరు, ఊరు, ఏ సంవత్సరమో ఫైలు పేరులోనే రాయాలి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి. తర్వాత ఆ గొంతు ఎవరిదో చెప్పేవారు ఉండరు.

ఈ పనికి ఎండాకాలం అనుకూలం. వానలు పడితే గాలిలో తేమ పెరిగి టేపు అతుక్కుంటుంది. బాగా పనిచేసే టేపురికార్డర్లు కూడా ఏటికేడాది తగ్గిపోతున్నాయి. రబ్బరు పట్టీ తెగితే వేసిచ్చే మెకానిక్కు దొరకడం కష్టంగా ఉంది. పాట వినే కార్డు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కొనుక్కోవచ్చు. క్యాసెట్లు ఉన్నవారు మాత్రం టేపురికార్డరు పనిచేస్తుండగానే, అన్నిటికంటే పాతదానితో మొదలుపెట్టి ఎక్కించుకోవడం అవసరం.